నల్ల పెట్టె మీది మొగుడు

ఆమెకు మొగుణ్ణి తెచ్చింది నేనే. పెళ్ళిచూపులు లేవు, తాళి లేదు, భోజనాలు లేవు. చచ్చినవాణ్ణే నేరుగా తెచ్చి అంటగట్టాను. పదమూడేళ్ళ పాటు మా గల్లీ గల్లీ అంతా ఆ చచ్చినవాడికి చేతులెత్తి మొక్కింది. వాడు అసలు పుట్టనే లేదు. ఆమె నన్ను కోరింది ఒక్కటే: తన సమాధి రాయి మీద వాడు ఎక్కకూడదు. నా వల్ల వచ్చినవాడు కాబట్టి నేనే వదిలించాలి. ఆ పని ఎంతవరకు చేయగలిగానో చెబుతాను.

తొంభైల మొదట్లో మాట. నేను మాదన్నపేట మార్కెట్‌లో ఆకుకూరలు అమ్మేదాన్ని. మా ఇల్లు మార్కెట్‌కూ యాకుత్‌పురా స్టేషన్‌కూ మధ్య ఒక గల్లీలో ఉండేది. మా ఆయన నీళ్ళ శాఖలో వాల్వు తిప్పే మనిషి. ఏ పూట నల్లా వస్తుందో ఆయనకు తెలిసేది, మిగతా లోకం సంగతులన్నీ నాకు తెలిసేవి. కట్టలు కట్టుకుని గోనెపట్టా మీద కూర్చుంటే ఆడవాళ్ళు వచ్చి కూర కంటే ముందు కబురు అడిగేవారు. కొత్తిమీర లేదని చెప్పిన రోజులున్నాయి గానీ కబురు లేదని చెప్పిన రోజు లేదు. చదువు రాని మనిషికి నలుగురిలో ఒక విలువ ఉండాలి కదా. నాకున్నది అదే.

ఒకనాడు పొద్దెక్కాక మా గల్లీలోకి తోపుడు బండి మీద ఒక నల్ల రేకు పెట్టె వచ్చింది. దాని మీద తెల్ల రంగుతో మూడు వరుసల రాత. వెనకే ఆటో దిగిన మనిషికి యాభై దాటి ఉంటాయి. బొట్టు లేదు, గాజులు లేవు. నేత చీర. ఎడమ చేతికి మగవాళ్ళ గడియారం, అది కూడా ముఖం లోపలి వైపుకు తిప్పి పెట్టుకుంది. వెన్ను మాత్రం గోడకు ఆనించినట్టు నిటారుగా ఉంది. బండివాడితో మనం మాట్లాడే హిందీ కాదు, రేడియోలో వచ్చే హిందీ మాట్లాడింది. వాడు బీడీ పారేసి సరిగ్గా నిలబడ్డాడు.

పక్కింటామె నా మోచెయ్యి గిల్లింది. "ఎవరక్కా గామె?"

నాకేం తెలుసు? పెట్టె మీది రాత నాకు సున్నం చిందినట్టు కనిపించింది. అట్లాంటి పెట్టె మిలిటరీ వాళ్ళకు ఉంటుందని మాత్రం తెలుసు.

"మిలిటరీ ఆయన పెట్టె గది," అన్నాను. "గాయన పోయిండు పాపం."

"అయ్యో! ఎట్ల పోయిండు?"

"యుద్ధంల."

"ఏ యుద్ధంల?"

"పెద్ద యుద్ధంల."

అంతే. నేను నా గంప ఎత్తుకుని ఇంట్లోకి వెళ్ళి ముఖం కడుక్కునే లోపల వాడి చావు గల్లీ చివరకు చేరింది. సాయంత్రానికి వాడికి మీసాలు మొలిచాయి. ఆ మీసాలు నేను పెట్టినవి కావు, పక్కింటామె పెట్టింది. ఎవరు చేసిన పాపం వాళ్ళది.

ఆ పెట్టె దిగిన ఇల్లు మేమంతా ఖాలా అని పిలిచే పెద్దావిడది. ముందు గది అద్దెకు ఇస్తుంది. ఖాలా ఒప్పుకుంది గానీ ఆమె మరిది గడప మీద అడ్డంగా కూర్చున్నాడు. ఒంటరి ఆడదానికి ఇల్లు ఇచ్చేది లేదని అతని పట్టు. పెట్టె ఇంకా బండి మీదే ఉంది. అప్పుడు నా కబురు అక్కడికి చేరింది. అతను లేచి నిలబడ్డాడు. "షహీద్ కీ బేవా హై? పహలే కైకూ నై బోలే?" అంటూ తానే పెట్టెకు ఒక పక్క చెయ్యి వేశాడు. వీరుడి విధవ అయితే మర్యాద, ఒంటరి ఆడదైతే అనుమానం. ఆ పెట్టె ఎత్తిన చేతులు మాత్రం అవే.

మూడో రోజు పొద్దున ఆమె మార్కెట్‌కు వచ్చి నా ముందు గొంతుక్కూర్చుంది. తోటకూర కట్ట విప్పి ఒక్కో కాడా చూసింది. నేను కొత్తిమీర మీద నీళ్ళు చల్లుతూ కూర్చున్నాను.

"ఏమ్మా, మా ఆయన ఎలా పోయాడో కాస్త వివరంగా చెబుతావా? నిన్నటి నుంచి నలుగురు వచ్చి ఓదార్చి వెళ్ళారు. నాకూ తెలియాలిగా."

ఆమెది కృష్ణ అవతలి మాట. మెల్లగా ఉంటుంది, కోసినా నొప్పి తెలియదు.

"అమ్మా, నేను... పెట్టె చూసి..."

"పెట్టె నాది."

"మరి మీ ఆయన?"

"లేడు."

"పోయిండా?"

"రాలేదు."

ఇప్పుడే పోయి అందరికీ చెబుతానన్నాను. ఆమె తోటకూర కట్ట తిరిగి కట్టింది. "ఈ ఊళ్ళో మూడిళ్ళ వాళ్ళు నా ముఖాన తలుపేశారు. మీవారేం చేస్తారండీ అని ఒకటే ప్రశ్న. నీ చచ్చినోడు ఒక్క రోజులో ఇల్లు ఇప్పించాడు. ఉండనీ కొన్నాళ్ళు. తిండి పెట్టక్కర్లేదు, బట్టలు ఉతకక్కర్లేదు. ఇంతకంటే మంచి మొగుడు నాకు దొరకడు." కట్ట సంచీలో వేసుకుని లేచింది.

ఆ సాయంత్రం పిలిచి టీ ఇచ్చింది. ఆ పెట్టె మీదే కూర్చోబెట్టింది. ఆమె మిలిటరీ ఆసుపత్రిలో నర్సు. ఇరవై రెండేళ్ళు చేసింది. నర్సు అంటే మన సర్కారు దవాఖానాలో సిస్టరమ్మ లాంటిది అనుకున్నాను. కాదట, ఆఫీసరట. పెట్టె తీసి ఫోటో చూపించింది. తెల్ల బట్టలు, భుజాల మీద మూడు సింహాల గుర్తు. పక్కన ఇద్దరు బుర్ర మీసాల మగాళ్ళు నిలబడి సెల్యూట్ కొడుతున్నారు.

"వీళ్ళు మీకు మొక్కుతున్నరా అమ్మా?"

"కొట్టకపోతే ఊరుకుంటానా?"

యుద్ధంలో డేరాల్లో పని చేసిందట. రాత్రీ పగలూ లేకుండా మోసుకొచ్చేవారట కాళ్ళు లేనివాళ్ళనీ చేతులు లేనివాళ్ళనీ. "అమ్మా అనే మాట, బూతులూ నాకు పది భాషల్లో వచ్చు," అంది. "నొప్పి పుడితే మగాళ్ళకు ఆ రెండే గుర్తుంటాయి." పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగాను. నాకు అడగకుండా ఉండడం చేతకాదు. పెళ్ళి కావాలా నౌకరీ కావాలా అని అడిగే రోజులవి అంది. నౌకరీ కావాలన్నదట. అంతకుమించి దాని గురించి ఎప్పుడూ మాట్లాడలేదు, నేను పదమూడేళ్ళు తవ్వినా.

నెల తిరగకుండా గల్లీలో అందరికీ ఆమే సూది వేసేది. సూదులు గిన్నెలో వేసి కిరోసిన్ పొయ్యి మీద మరగబెట్టేది. ఎంత లావు మగాడు వచ్చినా ఒకటే మాట: "కథలు తర్వాత, ప్యాంటు దించు." మా గల్లీలో మీసం మెలేసి తిరిగిన ప్రతివాడి వెనక భాగం ఆమెకు తెలుసు. ఖాలా మరిది గోడ పట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. అందుకే ఆమె వీధిలో నడుస్తుంటే మగాళ్ళు కొంచెం తల వంచుకునేవారు. అది వీరుడి భార్య మీద గౌరవమని గల్లీ అనుకునేది.

మా గల్లీలోనే ఇంకో మిలిటరీ మనిషి ఉండేవాడు. రేషన్ లారీ తోలి రిటైరైనవాడు. మేము లారీ అన్న అనేవాళ్ళం. ఇన్నాళ్ళూ గల్లీలో మిలిటరీ అంటే అతనొక్కడే. ఇప్పుడు ఒక చచ్చినవాడు వచ్చి అతని వాటా తినేస్తున్నాడు. అందుకని వాడితో దోస్తీ కలిపాడు. ఒకరోజు ఖాలా వరండాలో పదిమంది ముందు తొడ చరిచాడు.

"సార్ నాకు మస్తు ఎరుక! పఠాన్‌కోట్‌ల ఒక్క ప్లేట్ల తిన్నం!"

ఆమె సూది తుడుస్తూ ఆగింది. "ఔనా అన్నయ్యా? ఎలా ఉండేవారండీ?"

"గింత పొడుగు! సింహం లెక్క. కానీ మిమ్ముల యాది చేసుకుంట ఏడ్చేటోడు."

"ఏడ్చేవారా! నా దగ్గర ఎప్పుడూ ఏడవలేదే."

"మొగోళ్ళం గదమ్మా. ఆడోళ్ళ ముంగట ఏడుస్తమా?"

"ఇంకేమనేవారు నా గురించి?"

"మీ చేతి చాపల పులుసు మళ్ళ తింటనో లేదో అనేటోడు."

ఆమె చేపలు ముట్టదు. వాసన వస్తే కిటికీ మూసేస్తుంది. నేను కొంగు నోట్లో కుక్కుకుని బయటికి పరుగెత్తాను. ఆమె మాత్రం "పాపం" అని, "ప్యాంటు దించండి అన్నయ్యా," అంది.

ఆగస్టు పదిహేను వచ్చిందంటే బస్తీ సంఘం కుర్రాళ్ళు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పేవారు. వీర జవాను సతీమణి అని మైకులో చెప్పేవారు. ఉడుకపోతలో ఉన్ని శాలువా. ఏటా ఒకటి. ఒకటి కిటికీకి పరదా అయింది, ఒకటి ఇస్త్రీ బల్ల మీదికి పోయింది, ఒకటి నాకు ఇచ్చింది. "తీసుకో, మీవాడి పుణ్యం," అంది. అప్పటికి వాడు 'మీవాడు' అయ్యాడు. మేమిద్దరం వాడి మీద ఎంత నవ్వుకున్నామో లెక్కలేదు. ఆ నవ్వు ఒకరోజు ఆగిపోయింది.

కొండల మీద యుద్ధం టీవీలో చూపించిన ఏడాది అది. ఆ ఏడు మన చచ్చినవాడికి గిరాకీ బాగా పెరిగింది. పెద్ద శాలువా, పెద్ద మైకు. జెండా కట్టింది లారీ అన్న. తాడు లాగబోతుండగా ఆమె కుర్చీలోంచి లేచింది.

"ఆగండి! దించండి అది!"

ఆ గొంతు మేమెవరం వినలేదు. కుక్కలు కూడా అరుపు ఆపాయి. జెండా తలకిందులుగా కట్టాడు, పచ్చ పైకి వచ్చేలా. ఆమె శాలువా కుర్చీలో పడేసి, తాడు దించి, ముడి విప్పింది. జెండా దులిపి, నాలుగు మడతలు వేసి, మధ్యలో బంతిపూల రెక్కలు పెట్టి, ఒక్క లాగుకు విచ్చుకునేలా ముడి వేసింది. చేతులు చూసుకోకుండా వేసింది. తర్వాత వెనక్కి రెండు అడుగులు వేసి నిలబడింది. ఆ నిలబడడం చూస్తే గుడ్డివాడికైనా అర్థం కావాలి.

మా సంఘం అధ్యక్షుడు గుడ్డివాడు కూడా కాదు. మైకు అందుకున్నాడు. "చూసిండ్రా! సార్ ఎంత మంచిగ నేర్పిచ్చిండో! గాయన పోయినా గాయన క్రమశిక్షణ మన గల్లీల బతికే ఉంది! సార్‌కి చప్పట్లు!"

అందరూ కొట్టారు. నేనూ కొట్టాను, అలవాటు కొద్దీ. ఆమె నా చేతుల వైపు చూసింది.

ఆ సాయంత్రం ఆమె టీ పెట్టలేదు. "నాకు ఇల్లు ఇప్పించాడు, సరే. చచ్చినందుకు శాలువాలు తెచ్చుకున్నాడు, సరే. ఇవాళ నా ఇరవై రెండేళ్ళ నౌకరీ వాడు నోట్లో వేసుకున్నాడు. నువ్వు చప్పట్లు కొట్టావు," అంది.

"తప్పయింది అమ్మా."

"మా చర్చి సమాధుల తోటకు ఎప్పుడైనా వెళ్ళావా? ప్రతి ఆడదాని రాయి మీదా ఫలానా వారి భార్య. ముందు మొగుడి పేరు, తర్వాత దాని పేరు. నేను పోయాక వీళ్ళు నా రాయి మీదా వాణ్ణి ఎక్కిస్తారు. బతికుండగా మోశాను. చచ్చాక మొయ్యను. వాణ్ణి పుట్టించింది నువ్వు, చంపాల్సింది నువ్వు."

"చంపుత అమ్మా. మీ మీద ఒట్టు."

"రాయి మీద ఏం రాశారో నీకెలా తెలుస్తుందే? చదువొచ్చా నీకు?"

అట్లా నా చదువు మొదలైంది. అప్పటికి నాకు నలభై ఏడో ఎనిమిదో. మార్కెట్ అయ్యాక పదకొండింటికి వెళ్ళాలి. పాఠం చెప్పే పద్ధతి ఆసుపత్రి పద్ధతే. మంచం కాళ్ళ దగ్గర రోగి చీటీ వేలాడదీసినట్టు ఒక పలక వేలాడదీసింది. నాకు రాని అక్షరం దాని మీద రాసేది. "ఇవాళ నీకు 'ఝ' జ్వరం. తగ్గేదాకా డిశ్చార్జి లేదు." ఆ 'ఝ' జ్వరం పదకొండు రోజులు ఉంది. మార్కెట్‌లో ఆడవాళ్ళు "అక్క కలెక్టర్ అయితదట" అని నవ్వేవారు. మా ఆయన మాత్రం పలక పగిలితే కొత్తది తెచ్చాడు.

వీధిలో నా అంతట నేను మొదటిసారి చదివింది స్టేషన్ గోడ మీది రాత. కూడబలుక్కుని చదివాను: ఇచ్చట మూత్రము పోయరాదు. సరిగ్గా దాని కింద ఒకడు అదే పని చేస్తున్నాడు. అతనికి గట్టిగా చదివి వినిపించాను, రెండుసార్లు. అతను సగంలో పరుగెత్తాడు. చదువులో ఇంత సుఖం ఉందని నాకు ముందే ఎవరూ చెప్పలేదు.

తెలుగు కుదిరాక ఇంగ్లీషు పెద్ద అక్షరాలు కూడా నేర్పింది, పెట్టె చదవడానికి సరిపడా. ఒకరోజు ఆ మూడు వరుసల మీద వేలు పెట్టి చదివాను. మొదటి వరుస నంబరు. రెండోది మేజర్. మూడోది ఆమె పేరు.

"ఇందుల మొగోడు ఏడున్నడు అమ్మా?" అన్నాను.

"ఏడేళ్ళుగా నేనూ అదే వెతుకుతున్నా," అంది. అది విని ఇద్దరం నవ్వాం. చాలా రోజులకు.

ఇక వాణ్ణి చంపడమే మిగిలింది. నేను చంపలేదు. మొదట్లో ఖాలా మరిది ఉన్నాడని సాకు చెప్పుకున్నాను. నిజం తెలిస్తే ఇల్లు ఖాళీ చేయిస్తాడని. తర్వాత అతనూ పోయాడు, సాకూ పోయింది. నా భయం నాది. ఈ కబురు అబద్ధమని తేలితే నేను చెప్పిన మిగతా కబుర్ల సంగతేమిటి? గల్లీలో సగం కాపురాల గుట్టు నా నోటి మీద నడిచింది. ఆమె ఏటా జెండా పండగ అయ్యాక శాలువా మడత పెడుతూ అడిగేది.

"చంపావా?"

"వచ్చే నెల పక్కా చంపుత అమ్మా."

ఒకసారి మా ఆయన విన్నాడు. ఆ రాత్రి అన్నం సగం తిని లేచి, "ఎవర్ని?" అన్నాడు. ఆయనకు నిజం చెప్పాను. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "ముందుగాల్నే చెప్తే నీళ్ళు వదిలేటప్పుడు అందరికీ చెప్పేస్తుంటి గదనే," అన్నాడు. అప్పుడైనా నేను చెప్పమనాల్సింది. అనలేదు.

ఒక వానాకాలం పొద్దున పాలకూర తీసుకుని వెళ్ళాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. ముడత లేని దుప్పటి మీద ముడత పడకుండా పడుకుని ఉంది. చేతి గడియారం నడుస్తోంది. చెయ్యి పట్టుకున్నాను. పాలకూర ఎక్కడ పెట్టాలో తెలియక అట్లాగే నిలబడ్డాను. పదమూడేళ్ళలో ఆమె నన్ను అడిగింది ఒక్కటి, ఆమె బతికుండగా నేను అది చేయలేదు. ఈ మాటకు నవ్వు ఎక్కడి నుంచి తేవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

చర్చి వాళ్ళు మంచిగా సాగనంపారు. నలభయ్యో రోజు ప్రార్థనకు రాయి నిలబెట్టాలన్నారు. చర్చి సంఘపెద్ద ఆఫీసు ఉద్యోగి, నెమ్మదైన మనిషి. ఆయన ఖాలా వరండాలో కూర్చుని, కాగితం మీద రాసుకొచ్చింది చదివాడు. వీర జవాను కీర్తిశేషులు, అని ఆగాడు. కాగితం మీద అక్కడ ఖాళీ ఉంది. తర్వాత 'గారి భార్య' అని ఉంది. ఆ కింద ఆమె పేరు.

"వారి పేరు కావాలండీ. ఎవరిని అడిగినా తెలియదంటున్నారు. మీకు అన్నీ తెలుసని..."

పదమూడేళ్ళు మొక్కారు, మీసాలు పెట్టారు, చేపల పులుసు తినిపించారు. ఒక్కడికీ వాడి పేరు అడగాలని తోచలేదు.

నేను నోరు తెరిచే లోపల లారీ అన్న అందుకున్నాడు. "నాకు ఎరుకే! దోస్తు పేరు మర్చిపోతనా?" అని ఒక పేరు చెప్పాడు. తడుముకోలేదు. ఇంటిపేరుతో సహా చెప్పాడు. ఆ పేరు ఇక్కడ రాయను. ఒకసారి చేసిన తప్పు చాలు. సంఘపెద్ద కలం తీశాడు.

"ఆగుండ్రి," అన్నాను. "మొగుడు లేడు."

"అవునమ్మా, కీర్తిశేషులనే రాశాను."

"చచ్చి లేడంటలేను. పుట్టి లేడు. నేను పుట్టిచ్చిన. గీ నోటితోని."

అందరూ నన్ను చూశారు. పక్కింటామె నా నుదురు పట్టుకుని చూసింది. "దుఃఖం అక్కా, జెర పండుకో పో." లారీ అన్నకు కోపం వచ్చింది. "ఏం మాట్లాడుతున్నవ్? ఒక్క ప్లేట్ల తిన్న నేను! నువ్వు మార్కెట్‌ల కూసున్నవ్, నేను మిలిటరీల ఉన్న. ఎవలకు ఎరుక ఉంటది?"

అందరూ అతని వైపే తల ఊపారు. పదమూడేళ్ళ కిందట నేను ఊరికే అన్న మాట ఒక్క పూటలో నమ్మారు. ఇప్పుడు ఒట్టు పెట్టి నిజం చెబుతుంటే ఒక్కరూ నమ్మరు. లోపలికి వెళ్ళి పెట్టె పట్టుకుని లాగాను. ఈ మాటు రెండో పక్క చెయ్యి వేయడానికి ఎవరూ లేవలేదు. వరండా బండల మీద కీచుమంటూ ఈడ్చుకొచ్చాను. సంఘపెద్ద ముందు పెట్టి, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివాను. నంబరు. మేజర్. ఆమె పేరు. తర్వాత పెట్టె తీసి ఫోటో ఆయన చేతిలో పెట్టాను.

సంఘపెద్ద కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "ఈవిడే మేజరా?" అన్నాడు మెల్లగా.

అప్పుడు తలుపు చాటు నుంచి ఖాలా గొంతు వచ్చింది. "మేరెకు మాలూమ్ థా. పహలే దిన్ సే." మొదటి రోజు నుంచే ఆమెకు తెలుసట. కోడలు ఇంటర్ చదివింది, పెట్టె దిగిన రోజే చదివి చెప్పిందట.

"మరి చెప్పలే కదా ఖాలా!" అన్నాను.

"కైకూ బోల్నా? మా మరిదికి ఆమెకో మొగుడు కావాలె. నాకు మంచి కిరాయిదార్ కావాలె. నువ్వు తెచ్చి ఇచ్చినవ్. నేను నక్కో అంటనా?"

లారీ అన్న లేచి వచ్చాడు. ఫోటో తీసుకుని చాలాసేపు చూశాడు. భుజాల మీది సింహాల మీద బొటనవేలు పెట్టి రుద్దాడు. "మేజర్," అన్నాడు. "యా అల్లా అనాల్నో రామా అనాల్నో. పదమూడేండ్లు మేజర్ సాబ్ ముంగట కాలు మీద కాలేసుకుని కూసున్న. బీడీ తాగిన." ఫోటో నా చేతికిస్తూ, "ప్యాంటు గూడ దించిన," అన్నాడు. ఎవరో నవ్వారు. ఆ తర్వాత అందరూ నవ్వారు. నేనే ఏడ్చాను.

"ఆ ప్లేట్ల తిన్నోడు ఎవడన్నా మరి?" అని పక్కింటామె అడిగింది.

"ఎవడో ఒకడు తిన్నడు తియ్," అన్నాడు.

సంఘపెద్దకు ఇంకో చిక్కు వచ్చింది. ఆడవాళ్ళ రాయి మీద ఎవరో ఒకరి తాలూకు అని ఉండాలి, అది ఆనవాయితీ. భార్య కాకపోతే కుమార్తె అని రాద్దామా అన్నాడు. పెట్టె మీద ఏముందో అదే రాసి, కింద ఆమె నౌకరీ రాయమన్నాను. ఆమె తన సామాను మీద తన పేరు తానే రాసుకున్న మనిషి, మనం కొత్తగా కలిపేదేముంది అన్నాను. 'ప్రభువునందు నిద్రించిన' అయినా పెట్టనివ్వమన్నాడు. సరే అన్నాను. నిద్ర సంగతిలో ఆమెకు అభ్యంతరం ఉండేది కాదు.

మర్నాడు రాళ్ళు చెక్కే ఆయన దగ్గరికి సంఘపెద్దా నేనూ వెళ్ళాం. ఆయన చెట్టు కింద గోడకు ఆరేడు షాబాద్ బండలు ఆనించి ఉన్నాయి. అన్నీ కొత్తవి. నేను అలవాటుగా కూడబలుక్కుని చదివాను. మొదటి దాని మీద 'గారి భార్య'. రెండో దాని మీద 'గారి భార్య'. మూడో దాని మీదా అదే. పైన ఖాళీ, కింద ఖాళీ. మొగుళ్ళూ లేరు, పెళ్ళాలూ లేరు. వరుసగా 'గారి భార్య' ఒక్కటే.

"ఇదేందన్నా?"

"ఆడోళ్ళ రాళ్ళన్నిటికి గది ఉండాల్సిందే గదమ్మా. పని లేనినాడు ముందే కొట్టి పెట్టుకుంట. అవతల మనిషి పోయినంక పేర్లు కొడితే అయిపాయె. మీ అమ్మది గదో, గా చివరిది. పెద్దసారు బయానా పైసలు ఇచ్చినంక వేరే పెట్టిన."

మా వాడలో ఇంకా బతికే ఉన్న ఆడవాళ్ళ రాళ్ళు అవి. ఎవరిది ఏదో మాత్రం తెలియదు. నేను ఆ చివరి బండ దగ్గరికి వెళ్ళాను. వేలు పెట్టి చూశాను. లోతుగా చెక్కాడు, మంచి పనివాడు.

"తిప్పు," అన్నాను.

"ఏంది?"

"రాయి వెనక్కి తిప్పు. అటు దిక్కు కొట్టు."

ఆయన సంఘపెద్దను చూశాడు. సంఘపెద్ద నన్ను చూసి, తల ఊపాడు. రాళ్ళాయన బండ తిప్పాడు. నేను రోజూ మార్కెట్ అయ్యాక వెళ్ళి పక్కన కూర్చున్నాను, అక్షరం అక్షరం చూశాను. ప్రభువునందు నిద్రించిన. నంబరు. మేజర్. ఆమె పేరు. మిలిటరీ నర్సు. ఎవరి తాలూకూ కాదు. 'ర్సు' దగ్గర ఆయన ఒక గీత మరిచిపోతే పట్టుకున్నాను. ఆమె ఉంటే నాకు ఆ రోజు డిశ్చార్జి ఇచ్చేది.

నలభయ్యో రోజు రాయి నిలబెట్టారు. లారీ అన్న ఎక్కడిదో పాత టోపీ పెట్టుకొచ్చి సెల్యూట్ కొట్టాడు. చాలాసేపు చెయ్యి దించలేదు. వెనక వైపు సిమెంటు పూసి కప్పేశాం.

తర్వాతి ఆగస్టు పదిహేనుకు వెళ్ళి చూస్తే వానలకు సిమెంటు పెచ్చులూడి పోయింది. ముందు వైపు ఆమె దర్జాగా ఉంది. వెనక్కి వెళితే 'గారి భార్య' తేటగా కనిపించింది. పేరు లేదు, ఊరు లేదు, వాడు సగం మిగిలే ఉన్నాడు. అప్పటి నుంచి ఏటా ఆ రోజు బేగంబజార్ నుంచి తెచ్చిన నల్ల రంగు డబ్బా పట్టుకుని వెళతాను. వెనక కూర్చుని వాడి మీద రెండు పూతలు వేస్తాను. చంపావా అని అడిగినట్టే ఉంటుంది. ఈ ఏటికి చంపిన అమ్మా, అని చెప్పి వస్తాను.

ఈసారి మోకాళ్ళు లేవనివ్వలేదు. డబ్బా, కుంచె ఇచ్చి లారీ అన్నను పంపాను. గంటలో తిరిగొచ్చి, "అయిపోయింది, మస్తుగ కొట్టిన," అన్నాడు. చేతులకు ఎక్కడా నల్ల మరక లేదు. అతని మాట నమ్మేదేముంది. నొప్పి తగ్గగానే నేనే వెళ్ళి చూడాలి.